జోంబ్లాంగ్: తాడు మీద మాత్రమే దిగగలిగే బిలం

ఇండోనేషియాలో, జావా ద్వీపం దక్షిణ భాగంలో, యోగ్యకర్త నగరం నుంచి రెండు గంటలు ప్రయాణిస్తే నేలలో ఒక పెద్ద గొయ్యి కనిపిస్తుంది. దాని నోరు అడ్డంగా సుమారు 50 మీటర్లు ఉంటుంది. అంచు దగ్గర నిలబడి తొంగిచూస్తే కింద నేల ఆనదు, చెట్ల తలలు మాత్రం కనిపిస్తాయి. దాని పేరు జోంబ్లాంగ్. ఆ గోతిలోకి దిగి, చీకటి సొరంగం దాటి, గ్రుబుగ్ అనే ఇంకో బిలం అడుక్కి చేరితే పైనున్న కంతలోంచి ఎండ స్తంభంలా కిందికి దిగుతూ ఉంటుంది. ఇంటర్నెట్‌లో ఆ వెలుగు ఫొటో చూసే చాలామంది అక్కడికి బయల్దేరుతున్నారు.

ఆ ఫొటోల్లో తాడు కనిపించదు. జోంబ్లాంగ్‌కి పర్యాటకులు దిగే మెట్లు గానీ లిఫ్టు గానీ లేవు. ఎవరైనా సరే ఒంటికి పట్టీల హార్నెస్ కట్టుకుని, సుమారు 60 మీటర్లు తాడు మీద దిగాలి, మళ్ళీ తాడు మీదే పైకి రావాలి. ఎంతమంది లోపలికి వెళ్ళగలరు, ఎంత భద్రంగా వెళ్ళగలరు, అడుగున ఉన్న అడవి ఎన్నాళ్ళు బతుకుతుంది, చుట్టుపక్కల ఊళ్ళకు ఏం మిగులుతుంది అన్నవన్నీ ఆ తాడుతోనే ముడిపడి ఉన్నాయి. నిలువు గుహల పర్యాటకం గురించి మాట్లాడేటప్పుడు అందరూ ముందుగా లోతు ఎంతని అడుగుతారు. దిగే పద్ధతి ఏమిటన్నది అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న.

జోంబ్లాంగ్ ఉన్న గునుంగ్ కిదుల్ జిల్లాలో చాలా భాగం సున్నపురాయి నేల. ఒకప్పుడు సముద్రం అడుగున పగడాలు, గవ్వలు పేరుకుని గట్టిపడగా ఏర్పడిన రాయి ఇది. భూమి పొరల ఒత్తిడికి పైకి లేచి పీఠభూమి అయింది. గుండ్రటి చిన్న కొండలు వేల సంఖ్యలో పక్కపక్కనే లేచి ఉండే ఈ ప్రాంతాన్ని గునుంగ్ సెవు అంటారు. 2015లో దీనికి యునెస్కో గ్లోబల్ జియోపార్క్ గుర్తింపు వచ్చింది. ఇక్కడ పడిన వాన నీరు మట్టిలోంచి ఇంకుతూ కార్బన్ డయాక్సైడ్‌ని కలుపుకుని పలుచటి ఆమ్లంగా మారుతుంది. ఆ నీరు రాతి పగుళ్ళలోకి జారి, సున్నపురాయిని కొద్దికొద్దిగా కరిగిస్తూ పోతుంది. వేల, లక్షల ఏళ్ళు గడిచేసరికి పగులు కాలువ అవుతుంది, కాలువ నది అవుతుంది, నది చుట్టూ పెద్ద గదులు ఏర్పడతాయి. గది వెడల్పై, కప్పు పలచబడి, తన బరువు తానే మోయలేని స్థితి వస్తే ఆ కప్పు కూలిపోతుంది.

జోంబ్లాంగ్ అలా కప్పు కూలి ఏర్పడిన సింక్‌హోల్. అడుగున ఏటవాలుగా ఉన్న రాళ్ళగుట్ట, ఆ కూలిన కప్పు తాలూకు శకలాలే. దాని మీద మట్టి చేరింది, మట్టి మీద అడవి మొలిచింది. గ్రుబుగ్ తీరు వేరు. దాని నోరు ఇరుకు, లోతు సుమారు 90 మీటర్లు, అడుగున కలిసుచి నది ఇప్పటికీ పారుతూనే ఉంది. ఈ రెండు బిలాలనూ సుమారు 300 మీటర్ల సొరంగం కలుపుతుంది. యోగ్యకర్తకు చెందిన అచింత్యచున్యత అనే గుహాన్వేషకుల క్లబ్బు 1984లో ఈ గుహను శోధించింది. పర్యాటకులు రావడం మొదలైంది ఆ తర్వాత చాలా ఏళ్ళకే.

దిగే రోజు పని పొద్దున్నే మొదలవుతుంది. ముందు రబ్బరు బూట్లు ఇస్తారు, లోపలి బురదలో మామూలు బూట్లు పనికిరావు. తలకు హెల్మెట్. నడుముకీ, రెండు తొడలకీ పట్టీలు బిగించే హార్నెస్. అంచు దగ్గర గైడు ఒక్కో బకిల్‌నీ చేత్తో లాగి చూస్తాడు, తాడునీ హార్నెస్‌నీ కలిపే లోహపు కొక్కెం, క్యారబైనర్, మర తిప్పి బిగించాడో లేదో ఇంకోసారి తడిమి చూసుకుంటాడు. ఇద్దరిద్దర్ని పక్కపక్కన కూర్చోబెట్టి ఒకేసారి దింపడం ఇక్కడి అలవాటు. మొదట ఏటవాలు, అది దాటగానే కాళ్ళ కింద ఏమీ ఉండదు. గోడ లోపలికి వంగి ఉండటం వల్ల చెయ్యి చాపినా రాయి అందదు. శరీరం మెల్లగా గుండ్రంగా తిరుగుతుంది. ఒకవైపు తడిసిన సున్నపురాయి గోడ, తిరిగి చూస్తే ఆకాశం, కింద పెరుగుతూ వస్తున్న చెట్లు. దిగేవాళ్ళు చేయాల్సిన పని ఏమీ లేదు, హార్నెస్‌లో కుదురుగా కూర్చుంటే చాలు.

పనంతా తాడు రెండో కొసన జరుగుతుంది. తాడు గిలకల మీదుగా వెళ్ళి, వరుసగా నిలబడ్డ ఊరివాళ్ళ చేతుల్లో ఉంటుంది. గిలకబావిలో చేద దించినట్టు వాళ్ళు ఆ ఇద్దరినీ కిందికి వదులుతారు. మధ్యాహ్నం అదే తాడు పట్టుకుని వెనక్కి నడుస్తూ పైకి లాగుతారు. దింపేటప్పుడు గిలకల దగ్గర రాపిడి కొంత బరువు మోస్తుంది, లాగేటప్పుడు అదే రాపిడి అదనపు బరువై కూర్చుంటుంది. అందుకే ఇద్దరు మనుషుల్ని పైకి తేవడానికి పది పదిహేను మంది కావాలి. ఇలాంటి పనికి వాడేది దాదాపుగా సాగని రకం తాడు. కొండలెక్కేవాళ్ళు వాడే సాగే తాడు జారిపడినప్పుడు కుదుపు తగ్గించడానికి ఉద్దేశించింది. దాని మీద 60 మీటర్లు వేలాడితే మనిషి పైకీ కిందికీ ఊగుతూనే ఉంటాడు, అంచున తాడు రాతికి ఒరుసుకుంటూనే ఉంటుంది. జోంబ్లాంగ్‌కి పేరు తెచ్చింది మనుషులు లాగే ఈ పద్ధతే. రేపు ఆ చోట మోటారు పెట్టినా ఒక్కటి మారదు: ఒకసారికి ఇద్దరే.

అడుగున కాలు పెట్టగానే గాలి మారిపోతుంది. పైన పీఠభూమి మీద కర్రపెండలం చేలు, టేకు చెట్లు, వేసవి వచ్చిందంటే ఎండి పగుళ్ళిచ్చే నేల. కింద మాత్రం నాచు పట్టిన రాళ్ళు, ఫెర్న్‌లు, వెలుగు కోసం సన్నగా పొడుగ్గా సాగిన చెట్లు. నిలువు గోడలు రోజులో చాలాసేపు నీడనిస్తాయి, గాలి విసురును ఆపుతాయి, తడిని పట్టి ఉంచుతాయి. గైడ్లు దీన్ని ఆదిమ అడవి అని చెబుతారు. ఆ మాట ఎలా ఉన్నా, పైన చెట్లు కొట్టి చేలు చేసిన కాలంలో ఈ గొయ్యి గొడ్డలికి దూరంగా ఉండిపోవడం అర్థమయ్యే విషయమే. కింద కొట్టిన దుంగను 60 మీటర్లు పైకి మోసేదెవరు? ఎక్కడానికి దారి లేకపోవడమే ఈ అడవికి కంచె అయింది.

అక్కడి నుంచి సొరంగం. రాళ్ళూ కర్రలూ పరిచి, పట్టుకోవడానికి తాడు కట్టిన బురద దారి అది. నీటి హోరు ముందే వినిపిస్తుంది, ఆ తర్వాత చివర్లో వెలుగు. గ్రుబుగ్ అడుగున రెండు పెద్ద సున్నపు దిబ్బలు ఉన్నాయి. పై నుంచి ఎడతెరిపి లేకుండా కారిన నీటిలోని సున్నం పొరలు పొరలుగా పేరుకుని అవి తయారయ్యాయి. ఎండ సరిగ్గా ఆ దిబ్బల మీద పడుతుంది. వెలుతురు స్తంభంలా కనిపించడానికి కారణం గాలిలోని తేమ. కింద పారే నది నుంచి, గోడల నుంచి కారే నీటి నుంచి లేచే సన్నటి తుంపర కాంతిని చెదరగొట్టి మన కంటికి పంపుతుంది. ఆ తుంపర లేకపోతే దిబ్బ మీద ఒక వెలుతురు మరక కనిపించేది, అంతే.

ఈ వెలుగు కోసం పది నుంచి పన్నెండు లోపు అక్కడ ఉండాలని అందరూ చెబుతారు. పదకొండు నుంచి ఒంటిగంట దాకా అని ఎందుకు అనరు? కారణం గడియారంలో ఉంది. పశ్చిమ ఇండోనేషియా సమయాన్ని 105 డిగ్రీల తూర్పు రేఖాంశం ఆధారంగా లెక్కగడతారు. గునుంగ్ కిదుల్ దానికి ఇంకా తూర్పున, 110 డిగ్రీలు దాటి ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున లెక్కేస్తే, అక్కడ సూర్యుడు నడిమింటికి వచ్చేది గడియారం పన్నెండు కొట్టడానికి సగటున ఇరవై నిమిషాల పైచిలుకు ముందే. ఇరుకు నోరున్న బిలం అడుగుదాకా ఎండ చేరాలంటే సూర్యుడు బాగా పైన ఉండాలి. ఆ వేళ పన్నెండు లోపే వచ్చి పోతుంది.

నెలల తేడా కూడా ఉంటుంది. ఆ చోటు భూమధ్యరేఖకు 8 డిగ్రీల దక్షిణాన ఉంది కాబట్టి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చేది ఏటా రెండుసార్లు, ఫిబ్రవరి చివర్లో ఒకసారి, అక్టోబరు మధ్యలో ఒకసారి. జూన్ నెలలో మధ్యాహ్నం కూడా సూర్యుడు ఉత్తరానికి 31 డిగ్రీలు ఒరిగే ఉంటాడు, కనుక కిరణాలు ఏటవాలుగా పడతాయి. ఫిబ్రవరిలో వానలు, మబ్బులు. అక్కడి ఎండాకాలం ముగింపు, అంటే సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు మధ్య దాకా, మబ్బు తక్కువగా ఉండి సూర్యుడు నిటారుగా ఉండే రోజులు. వెలుగు కోసమే వెళ్ళేవాళ్ళు అప్పుడు వెళ్ళడం మంచిది.

ఇప్పుడు తాడు లెక్కకు వద్దాం. ఒక జతను సిద్ధం చేసి, దింపి, తాడు ఖాళీ చేసుకోవడానికి అయిదు నిమిషాలు పట్టిందనుకుందాం. గంటకు 24 మంది. వెలుగు ఉండేది రెండు గంటలు, అందరూ పది లోపు కిందికి చేరాలి. పొద్దున ఎనిమిదికే మొదలుపెట్టినా ఒక తాడు మీద యాభై మందికి మించి దిగడం కష్టం. రెండు మూడు తాళ్ళు వేసినా వందల దగ్గరే ఆగుతుంది, వేలకు పోదు. ఏ సర్కారు ఉత్తర్వూ లేకుండానే రద్దీకి పరిమితి పడుతోంది. నిలువు గుహకు ఇంతకంటే మంచి కాపలా దొరకదు.

ఈ మాట ఎంత నిజమో వేరే దేశాల బిలాలను చూస్తే తెలుస్తుంది. ఫ్రాన్స్‌లోని పదిరాక్ బిలం లోతు సుమారు 75 మీటర్లు, అంటే జోంబ్లాంగ్‌కి ఇంచుమించు అన్న వరస. ఫ్రెంచి గుహాన్వేషకుడు ఎదువార్ మార్తెల్ 1889లో దాన్ని శోధించాడు. పదేళ్ళలోపే జనానికి తెరిచారు. మెట్లు కట్టారు, తర్వాత లిఫ్టులు పెట్టారు, కింది నదిలో పడవలు తిప్పుతున్నారు. ఏటా లక్షల మంది వస్తారు. చిన్నపిల్లలూ ముసలివాళ్ళూ కూడా చూడగలగడం గొప్ప మేలు, కాదనలేం. కానీ అది ఇప్పుడు పూర్తిగా నిర్వహించే కట్టడం అయింది, అడుగడుగునా మనిషి చేయి ఉంటుంది. అదే మార్తెల్ 1895లో ఇంగ్లండులోని గేపింగ్ గిల్ అనే బిలంలోకి దిగాడు. దాని లోతు సుమారు 98 మీటర్లు. అక్కడ శాశ్వత ఏర్పాటు ఏమీ లేదు. స్థానిక గుహాన్వేషకుల క్లబ్బులు రెండు, మే నెలలో ఒకటి, ఆగస్టులో ఒకటి, కొద్ది రోజులపాటు తాడు చుట్టే యంత్రం (వించి) బిగించి మామూలు జనాన్ని కుర్చీలో దింపుతాయి. పని అయ్యాక అన్నీ విప్పేస్తాయి. మిగతా ఏడాదంతా ఆ బిలం తన మానాన తాను ఉంటుంది.

మెక్సికోలోని సోతానో దె లాస్ గొలొన్‌ద్రినాస్ ఈ కొలతలకు అందదు. అంచు తక్కువ ఎత్తున్న వైపు నుంచే నిలువునా 333 మీటర్లు. 1966లో మొదటిసారి తాడు మీద దిగారు. అక్కడ పరిమితి పెట్టింది పక్షులు. వేల పక్షులు పొద్దున గుంపులుగా సుడి తిరుగుతూ పైకి లేచి, సాయంత్రం మళ్ళీ లోపలికి వాలుతాయి. అవి బయట ఉండే వేళల్లోనే తాడు దిగనిస్తారు. ఈ మూడు చోట్లా కనిపించే సంగతి ఒకటే: దిగే పద్ధతి ఖరారైన రోజే ఆ గుహ భవిష్యత్తు కూడా చాలావరకు ఖరారవుతుంది. జోంబ్లాంగ్‌కి ఎప్పుడైనా లిఫ్టు ప్రతిపాదన వస్తే, అది గట్టిగా వ్యతిరేకించాల్సిన ప్రతిపాదన. అడుగున ఉన్న అడవి కొన్ని వందల మంది బూట్లనైతే తట్టుకుంటుంది. రోజుకు వేలమంది తొక్కితే ఆ నాచూ, ఫెర్న్‌లూ, సున్నపు దిబ్బల అంచులూ ఒక్క ఏడాది కూడా నిలవవు. సున్నపు దిబ్బ పెరగడానికి శతాబ్దాలు పడుతుంది, బురద చేతులు తగిలితే దాని మీద పొర కట్టే తీరే మారిపోతుంది. ఫొటో కోసం ఆ దిబ్బ పైకెక్కి నిలబడేవాళ్ళు తొక్కేది దాన్నే.

భద్రత సంగతి. సరిగ్గా కట్టిన తాడు తెగిపోవడం చాలా అరుదు. అంచున రాతికి ఒరుసుకోవడం, క్యారబైనర్ మర బిగించకపోవడం, పైన ఎవరో తన్నిన గులకరాయి 60 మీటర్లు కిందికి రావడం, అసలు ప్రమాదాలు ఇవి. అందుకే పైనుంచి ఎవరో దిగుతున్నప్పుడు కిందివాళ్ళు తాడు కింద నిలబడకూడదు, హెల్మెట్ తీయకూడదు. ఏ కారణంతోనైనా మనిషి హార్నెస్‌లో కదలకుండా చాలాసేపు వేలాడితే కాళ్ళలోకి రక్తం దిగి స్పృహ తప్పే ప్రమాదం ఉంది. మధ్యలో ఆగిపోతే కాళ్ళు ఆడిస్తూ ఉండాలి. గుండెజబ్బు, మూర్ఛ, ఇటీవలి ఆపరేషన్లు ఉన్నవాళ్ళు నిర్వాహకులకు ముందే చెప్పాలి, చెప్పకుండా దిగడం పదిమందిని ఇరకాటంలో పెట్టడమే. తాడు రెండో కొసన ఉన్నవాళ్ళు ఎంతమందో, గిలకలు వేలాడే ఆధారానికి రెండో కట్టు ఉందో లేదో అడిగి తెలుసుకోవడం తప్పేం కాదు. మంచి నిర్వాహకులు సంతోషంగా చూపిస్తారు.

వాన ఇంకా పెద్ద సంగతి. జోంబ్లాంగ్ దగ్గర ఎండ కాస్తున్నా, నది ఎగువన వాన పడితే గ్రుబుగ్ అడుగున నీరు ఉన్నట్టుండి పెరుగుతుంది. సున్నపురాయి నేలలో వాన నీరు నెమ్మదిగా ఇంకదు, కంతల్లోంచి నేరుగా కిందికి పోతుంది. 2017 నవంబరు చివర్లో చెంపక తుపాను వచ్చినప్పుడు గునుంగ్ కిదుల్ పల్లాలన్నీ చెరువులైపోయాయి. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వానాకాలం. ఆ నెలల్లో నిర్వాహకులు ఈరోజు వద్దు అంటే బతిమాలకూడదు, డబ్బు వాపసు గురించి వాదించకూడదు.

టికెట్టు ఖరీదు ఇటీవలి ఏళ్ళలో ఒక్కొక్కరికి 5,00,000 రుపియా దగ్గర ఉంటోంది, మన డబ్బులో రెండున్నర మూడు వేల రూపాయలు. గైడు, సామగ్రి, తేలికపాటి భోజనం అందులోనే. ఆ దేశంలో ఒక గుహ చూడటానికి ఇది చాలా ఎక్కువ అని కొందరు నసుగుతారు. కానీ తాడు లాగే ప్రతి ఒక్కరికీ కూలి అందులోంచే రావాలి. లిఫ్టు పెడితే టికెట్టు తగ్గుతుంది, కూలీలు ఉండరు. గునుంగ్ కిదుల్ చాలాకాలం పేద జిల్లా. యువకులు పని కోసం నగరాలకు వెళ్ళిపోయే చోట ఊరి మగవాళ్ళకు ఇంటి దగ్గరే రోజుకూలి దొరకడం చిన్న విషయం కాదు.

ఆ పేదరికానికి కారణం కూడా ఈ బిలాలే. ఏటా దండిగా వానలు పడే నేల ఇది. అయినా ఎండాకాలం వస్తే ట్యాంకర్ల నీళ్ళ కోసం కాచుకోవాలి, ఎందుకంటే పడిన నీరు పైన నిలవదు, అడుగున నదులై సముద్రానికి పోతుంది. జర్మనీలోని కార్ల్‌స్రూహె సాంకేతిక సంస్థ ఇంజనీర్లు అక్కడే బ్రిబిన్ అనే గుహలో భూగర్భ నదికి ఆనకట్ట కట్టి, ఆ నీటి బలంతోనే నీటిని పైకి తోడే ఏర్పాటు చేశారు. జోంబ్లాంగ్ అడుగున పర్యాటకుడు ఆనందంగా వినే నీటి హోరు, పైన రైతుకు దక్కకుండా పోయిన నీరు. గోతిలో పారేసిన ప్లాస్టిక్ సీసా కూడా వడపోత లేకుండా అదే నదిలో కలుస్తుంది.

ఇంకో విషయం చెప్పకుండా దాటకూడదు. 1965-66లో కమ్యూనిస్టులన్న ముద్రతో ఇండోనేషియా అంతటా లక్షల మందిని చంపారు. శవాలను, కొన్నిచోట్ల బతికున్నవాళ్ళను కూడా పడేసిన బిలాల్లో గ్రుబుగ్ ఒకటని ఆ ప్రాంతంలో చెప్పుకుంటారు, పత్రికల్లోనూ వచ్చింది. టూరు ప్రకటనల్లో ఈ సంగతి ఉండదు. ఆ వెలుగు కింద కేరింతలు కొట్టే ముందు ఈ మాట తెలిసి ఉండటం అవసరం. గైడ్లు కూడా నాలుగు వాక్యాలు చెబితే ఆ చోటి గౌరవం పెరుగుతుందే తప్ప తగ్గదు.

తెలుగు నేల మీద కూడా ఇలాంటి రాయి ఉంది. నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలు పొలాల కింద ఉన్న సున్నపురాయి సొరంగాలే. పైన బావుల్లా కనిపించే గోతుల్లో ఒకదాంట్లోంచే లోపలికి మెట్లు కట్టారు. 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ వీటి గురించి రాశాడు. 1982 నుంచి జర్మన్ బృందం పొడవు కొలిచింది, 3,229 మీటర్లని తేల్చారు. 2002లో జనానికి తెరిచారు. మెట్లు, దీపాలు, గాలి గొట్టాలతో అది పదిరాక్ దారిలో నడిచింది. బెలుం అడ్డంగా సాగే గుహ కాబట్టి ఆ నిర్ణయం తప్పు కాదు, కుటుంబాలు పిల్లలతో సహా చూసి వస్తున్నాయి.

అయితే అక్కడి పరిసరాల్లో దారి వేయని నిలువు గోతుల విషయంలో వేరే నిర్ణయం తీసుకోవడానికి ఇంకా అవకాశం ఉంది. తాడు పనికి మనుషులు లేరని అనుకోనక్కర్లేదు. భువనగిరి కొండ మీద శిక్షణ పొందిన మాలావత్ పూర్ణ పదమూడేళ్ళ వయసులో, 2014 మే 25న, ఎవరెస్ట్ ఎక్కింది. అక్కడ ముడులు వేయడం నేర్చుకున్న పిల్లలు తెలంగాణలో చాలామందే ఉన్నారు. కొలిమిగుండ్ల, అవుకు చుట్టుపక్కల గ్రామాల యువకులకు ఆ విద్య నేర్పి, ముందుగా ఏ గోతిలో రాయి గట్టిగా ఉందో, ఏ గోతిలో గాలి ఆడుతుందో భూగర్భ శాస్త్రవేత్తలతో పరీక్షించి, ఏడాదిలో కొన్ని వారాలు గేపింగ్ గిల్ తరహాలో దింపి, మళ్ళీ సామానంతా విప్పేయొచ్చు. కాంక్రీటు పనికి టెండరు పిలవడం కంటే అది చవక. ఆ డబ్బు కూడా ఊళ్ళోనే తిరుగుతుంది.